మట్టితో తూచిన చేమదుంపలు

నమోదు 1

సమితివారికి,

మట్టి తిండి, అంటే పైన నేలలో పండిన కూరలు, కొనదగినదా కాదా అన్న ఒక్క ప్రశ్నకి జవాబు రాసిమ్మని మా ఇంటిని ప్రయోగ గృహంగా ఎంచుకున్నారు. సంతోషం. "క్లుప్తంగా" అన్న మాట కింద రెండు గీతలు గీసి మరీ పంపారు. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన మనిషిని క్లుప్తంగా రాయమనడం మీ పొరపాటు. నాకు తోచినట్టు రాస్తాను, మీకు కావలసింది ఏరుకోండి.

మా ఇల్లే ఎందుకో కూడా నాకు తెలుసు. మా మనవరాలు చారుమతికి ఐదో నెల. ఈపాటికి పోవలసిన వేవిళ్ళు పోలేదు. మన తొట్లలో పెరిగే ముద్ద ఏ రుచిది పెట్టినా కడుపులో నిలవడం లేదు. పప్పు ముద్ద అయింది, పెరుగు ముద్ద అయింది, గోంగూర ముద్ద అయింది. ఆ చివరిదానికి పేరు పెట్టినవాడు గోంగూరని ఫొటోలో కూడా చూసి ఉండడు. పిల్ల చేతి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. ఇలాగే తగ్గితే బిడ్డ దక్కదని డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి చెప్పింది. గోడలు ఇంత పల్చగా కట్టిన ఊళ్ళో పక్కకి పిలవడం అనేది ఒక మర్యాద మాత్రమే. చారు అంతా విన్నది.

చారు తల్లి, అంటే మా అమ్మాయి, మన ఊరిలాగే భూమి కింద ఉన్న రెండో గనిలో ఉంటుంది. రెండు గనుల మధ్య దారి ఎండాకాలం పోయాక తెరుస్తారు. ఎండాకాలం ఆఖరిసారి ఎప్పుడు పోయిందో ఎవర్నడిగినా చెప్పలేకపోతున్నారు. కాబట్టి పురిటికి నేనే దిక్కు.

ఇక ఖర్చు సంగతి. మట్టి తిండికి పైవాళ్ళకి మనమిచ్చే ధర నీళ్ళు. పైగా మట్టి తగిలిన నీళ్ళు మళ్ళీ మన గొట్టాల్లోకి పోకూడదు కాబట్టి, కూరలు కడిగిన ప్రతి చెంబూ మా ఇంటి వాటాలోంచి పోతుంది. అంచేత మా ఇంట్లో వంకాయలంటే నా స్నానం. తోటకూరంటే త్రినాథ్ స్నానం. త్రినాథ్ చారు భర్త, ఏడో తొట్టి దగ్గర పని. ఊరందరికీ తిండి పెట్టే చోట స్నానం లేని మనిషిని నిలబెట్టకూడదు కాబట్టి అతని స్నానం కూడా నేనే మానేస్తాను. ఒక కూర కోసం ఒక మనిషి ఇంత కంపు కొట్టడం సబబేనా అన్నది మీ ప్రశ్నలో మొదటి భాగం అనుకుంటాను.

నమోదు 2

పంజరం దిగింది. మనుషుల్నీ సరుకునీ దించే లిఫ్టుని ఈ ఊళ్ళో అందరం పంజరమే అంటాం. బొగ్గు తవ్విన కాలంలో పెట్టిన పేరట. మనం కాపురానికి దిగాక కూడా పేరు మార్చాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదు.

అందులోంచి మస్తానమ్మ దిగింది. పైన ఎండవలల కింద నలుగురితో కలిసి సాగు చేస్తుంది. బుట్ట దించి, చేమదుంపలు తక్కెట్లో వేసింది. దుంప ఏదో మట్టిబెడ్డ ఏదో తెలియకుండా ఉన్నాయి. నువ్వు అమ్మేది దుంపా, మట్టా అని అడిగాను.

"దుంప నీకు అమ్ముతున్న. మట్టి నీకు అప్పిస్తున్న," అంది.

విషయమేమిటంటే, పైన గాలికి మట్టి కొట్టుకుపోగా మిగిలింది తక్కువ. అందుకని మనం కడిగిన మట్టినీళ్ళూ తొక్కలూ ఎర్ర బకెట్లో పోసి మూత బిగించి పైకి పంపాలి. వాళ్ళు ఆరబెట్టి మళ్ళీ పొలంలో కలుపుకుంటారు. అంటే ఈవిడ మట్టిని తూచి నాకు కడుతుంది, మళ్ళీ తూచి వెనక్కి పట్టుకుపోతుంది. ఇంత ముచ్చటైన వ్యాపారం నేను నా జన్మలో చూడలేదు. వచ్చేసారి శుభ్రం చేసి తెమ్మని గట్టిగా చెప్పాను. "పైన నీళ్ళేడియమ్మా," అని నవ్వి పోయింది.

కడగడం మీ నియమాల ప్రకారమే చేశాను. గ్లవ్సు, మూతిగుడ్డ, వేణ్ణీళ్ళతో మూడుసార్లు, తొక్క మందంగా చెక్కడం, తరవాత కుక్కర్. మా నాయనమ్మ మడి కట్టుకుని వంట చేసేది. ఆరేసిన చీర మీద పిల్లల నీడ పడినా మళ్ళీ తడిపేది. ఆవిడ చాదస్తాన్ని చూసి పళ్ళికిలించిన మనిషిని, ఇవాళ అద్దంలో చూసుకుంటే ఆవిడ కంటే రెండాకులు ఎక్కువే చదివినట్టున్నాను. తేడా అల్లా, ఆవిడ దేవుడికి భయపడేది, నేను ఏడో తొట్టికి భయపడుతున్నాను. మట్టిలో ఉండే, కంటికి కనబడని పురుగు ఒక్కటి ఆ తొట్లలో పడిందంటే ముద్ద అంతా పులిసిపోయి ఊరు ఊరంతా పస్తుంటుంది. ఈ భయం చాదస్తం కాదు. ఐదో తొట్టి అలా పాడైన ఏడాది పిల్లలకి మేం నీళ్ళు కాచి పట్టించిన సంగతి నాకు గుర్తుంది.

నమోదు 3

చేమదుంపల పులుసు. బాగుంది అనడానికి నోరు రావడం లేదు. అన్నిసార్లు కడిగి, అంత లోతుగా చెక్కి, అన్ని కూతలు వేయించాక దుంప అన్నది ఒక జ్ఞాపకంగా మిగిలింది. చారు రెండు ముద్దలు తిని వాంతి చేసుకుంది.

త్రినాథ్ కంచంలో వేలు పెట్టి నాకి, మా ముద్దకి దీనికీ ఏం తేడా అమ్మమ్మగారూ అన్నాడు. నాకూ తెలియలేదు. అతని చేతులు చూస్తే పొలుసులు లేచి, ఎర్రగా చిట్లి ఉన్నాయి. తొట్టి దగ్గర పనివాళ్ళకి చేతులు తోముకునే మందునీళ్ళు ఇస్తారు కదా, అందులో నానబెట్టుకుంటున్నావా ఏమిటి, పెళ్ళికొడుకులా మెరిసిపోతున్నావన్నాను. నవ్వేసి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

ఇప్పటికి నా అభిప్రాయం: కొనదగినది కాదు. స్నానం చేయడం మేలు.

నమోదు 4

పై వాక్యం కొట్టేయడం లేదు కానీ కాస్త ఆగండి.

చారు తింటోంది. వంకాయ కూరే కాదు, తొట్టి ముద్ద కూడా తింటోంది. పొద్దున్న లేచి పెరుగు ముద్ద అడిగి పెట్టించుకుని, తిన్నది కడుపులో ఉంచుకుంది. బుగ్గల్లో కాస్త నునుపు వచ్చింది. మంచానికి అతుక్కుపోయిన పిల్ల వసారాలో నడుస్తోంది. మన వసారా అంటే తలుపుకీ తలుపుకీ మధ్య ఉన్న గొట్టమే అయినా, నడకే నడక. డాక్టరమ్మ తూచి చూసి, అమ్మమ్మ చేతి వంట మహిమ అంది. నేను కాదనలేదు. నా వంటని ఎవరైనా మెచ్చుకుని చాలా కాలమైంది.

త్రినాథ్ మాత్రం సంతోషించవలసినంత సంతోషించలేదు. మగవాడు కదా, భయపడుతున్నాడేమో అనుకున్నాను.

నమోదు 5

మస్తానమ్మ ఈసారి బుట్ట దించకుండా ముందు ఎర్ర బకెట్ తూచింది. ముఖం మాడ్చుకుంది.

"అమ్మా, నీ బకెట్ల మట్టి ప్రతిసారి తక్కువొస్తున్నది. పెద్దదానివని ఇన్ని దినాలు ఊకున్న. ఇంట్ల తోట పెట్టినవా ఏంది?"

జీవితంలో మొదటిసారి నన్నొకరు మట్టి దొంగ అన్నారు. గచ్చు నేల, గచ్చు గోడ, గచ్చు పైకప్పు, ఇందులో తోట ఎక్కడ పెట్టనే అని తగులుకున్నాను. ఆవిడా తగ్గలేదు. అప్పిచ్చిన మట్టి తిరిగి రాకపోతే వచ్చే పంజరానికి దుంప మీదొక రేణువు కూడా ఉండనివ్వనంది. అంతకంటే కావలసిందేముంది, నేను మొదట్నుంచీ అడుగుతున్నది అదే కదా అన్నాను. అలా ఒకళ్ళనొకళ్ళం ఓడించుకుని విడిపోయాం.

ఇంటికొచ్చి ఆలోచించాను. కడిగేది నేను, బకెట్లో పోసేది నేను, మూత బిగించేది నేను. మధ్యలో ఒక్క పని నాది కాదు. చెక్కిన తొక్కలు ఎత్తి బకెట్లో వేసేది చారు.

నమోదు 6

స్నానాల గది తలుపు ఓరగా వేసి ఉంది. చారు నేల మీద బాసింపట్టు వేసుకు కూచుని, చేమదుంప తొక్కని నాలుక మీద పెట్టుకుని కళ్ళు మూసుకుంది. నమలడం లేదు, చప్పరిస్తోంది. పెదాల చుట్టూ మట్టి. ఆ ముఖంలో ఉన్న నెమ్మదిని నేను దాని పెళ్ళిలో కూడా చూడలేదు.

నన్ను చూసి లేవబోయింది. లేవకు, కూచో అన్నాను. ఎన్నాళ్ళనుంచి అని అడిగాను.

"మొదటి బుట్ట నుంచీ," అంది. "తినకూడదని తెలుసు అమ్మమ్మా. వాసన రాగానే నోరూరిపోతుంది. నువ్వు కడుగుతుంటే ఏడుపొచ్చేది."

తిట్టడానికి మాటలు వెతికాను. దొరికినవి నాకే అతికేలా ఉన్నాయి. కడుపుతో ఉన్న ఆడవాళ్ళకి మట్టి మీద మనసు పోవడం నాకు తెలియనిదా? మా అమ్మ కుండపెంకులు నమిలేది. నేను వీళ్ళమ్మని మోస్తున్నప్పుడు కొత్త వాన వాసనకి వీధిలోకి పరిగెత్తాను. మట్టిని ఊరవతల పెట్టి గచ్చు గూట్లో కాపురం పెట్టగానే ఆ కోరిక కూడా పైనే ఉండిపోయిందనుకున్నాను. ఇన్నాళ్ళూ నేను జాగ్రత్తగా కడిగి పారబోసినదే ఈ పిల్లకి మందు. నేను పళ్ళెంలో పెట్టినది ఉత్త పిప్పి.

మీ నియమం నాకు కంఠతా వచ్చు. పచ్చి మట్టి నోట్లోకి పోయిన మనిషి ఉంటే ఆ ఇంటి తలుపు బయటనుంచి బిగిస్తారు. పురుడైనా, చావైనా లోపలే. ఆ మనిషి ఒంట్లో మట్టి పురుగు లేదని తేలేదాకా తీయరు. చారు మట్టి తింటున్నంతకాలం అది తేలదు. మానేస్తే బిడ్డ నిలవదు.

ఇది మీకు ఇవాళే పంపాలి. పంపలేదు.

నమోదు 7

మధ్యేమార్గం ఉంటుందేమోనని చూశాను. చదువుకున్నవాళ్ళకి అదొక జబ్బు.

తొక్కలకున్న మట్టిని గీకి, చిన్న గిన్నెలో వేసి, కుక్కర్లో పెట్టి, నాకు తృప్తి కలిగేదాకా కూతలు వేయించాను. అందులో బతికున్నది ఏదీ మిగలదు. చారుకి స్పూనుతో పెట్టాను. అది పాపం నోరు మూసుకు తింది. బూడిదలా ఉంది అమ్మమ్మా అంది. పచ్చిది మాత్రం ఒక్క రేణువు కూడా ఇవ్వలేదు.

మూడో పూటకి వాంతులు మొదలయ్యాయి. వారం తిరక్కుండా గాజులు మళ్ళీ జారాయి. నిన్న గోడ పట్టుకుని నడిచింది, ఇవాళ నడవలేదు. కడుపులో బిడ్డ కదలడం తగ్గిందని చెప్పి, నా ముఖం చూసి, అబ్బే ఊరికే అన్నానంది.

పిల్లని నిలబెడుతున్నదీ, తొట్టిని చంపేదీ ఒక్కటే. అది మట్టి కాదు, మట్టిలో ఉన్న ప్రాణం. ఒకదాన్ని తీసి రెండోది ఉంచడానికి నాకు తెలిసిన శాస్త్రంలో దారి లేదు.

ఈ సాయంత్రం కుక్కర్లో పెట్టకుండానే ఇచ్చాను. నా చేత్తో ఇచ్చాను. అది కూడా రాసుకోండి.

నమోదు 8

త్రినాథ్‌కి చెప్పాలి. మా ఇంట్లో తిని, మా ఇంట్లో తిరిగి, రోజూ ఏడో తొట్టి మీద వంగుతున్నాడు.

పని నుంచి రాగానే కూచోబెట్టి, నాయనా నీ భార్య మట్టి తింటోంది అన్నాను. అతను ఉలిక్కిపడలేదు. బూట్ల తాళ్ళు విప్పుకుంటూ ఉండిపోయాడు. అప్పుడు మళ్ళీ ఆ చేతులు చూశాను. ఈసారి మోచేతుల దాకా చర్మం ఊడి ఉంది.

తొట్టి దగ్గరికి వెళ్ళేముందు ఆ మందునీళ్ళతో ఒళ్ళంతా తోముకుంటున్నాడు. చేతులకి మాత్రమే వాడవలసినదాన్ని మెడకీ ముఖానికీ పూసుకుంటున్నాడు. పనిచోటుకి వేరే బట్టలు, వేరే చెప్పులు. చారు పక్కన పడుకోవడం మానేసి, రాత్రి కూడా పని ఉందని మాతో చెప్పి తొట్టి దగ్గరే ఒరిగి, నిద్ర చాలక డ్యూటీకి పోతున్నాడు. నాకంటే ముందే చూశాడు. మొదటి వారంలోనే చూశాడు.

మరి నాకెందుకు చెప్పలేదురా అన్నాను. ఇన్నేళ్ళలో అతన్ని "రా" అనడం అదే మొదలు.

"మీకు చెప్తే మీరు రాస్తారు కదా, అమ్మమ్మగారూ."

తొట్టి ఎలా ఉందని అడిగాను. రోజూ నమూనా తీసి చూస్తున్నాడట, ఇంతవరకు శుభ్రంగానే ఉందట. ఎన్నాళ్ళుంటుందో తెలియదన్నాడు. తోముకోవడానికి ఇంక చర్మం లేదు అని కూడా అన్నాడు, ఏదో సబ్బు అయిపోయిందని చెప్తున్నట్టు.

చారు గుమ్మంలో నిలబడి అంతా వింది. ఈ ఊళ్ళో గోడలంతే.

"రాసెయ్యి అమ్మమ్మా," అంది. "ఆయన చేతులు చూడలేకపోతున్నాను. కానీ తలుపు బిగించినా బుట్ట ఆపకూడదని కూడా రాయి. అది రాయకపోతే మాత్రం ఇదేదీ రాయకు."

రాస్తున్నాను. పై నమోదులన్నీ కలిపి పంపుతున్నాను. ఆఖరి వాక్యం చారుది, షరతు నాది కూడా: మా ఇంటి తలుపు బిగించండి, మా ఇంటి బుట్ట మాత్రం ఆపకండి. ఆపేట్టయితే తల్లి ఎలా పోయిందో, బిడ్డ ఎలా పోయిందో మీరే ఒక నమోదు రాయాల్సొస్తుంది. అది క్లుప్తంగానే ఉంటుంది.

నమోదు 9

సమితి కార్యదర్శి పురుషోత్తంగారు స్వయంగా వచ్చి, తలుపుకి రెండు గజాల దూరంలో నిలబడి మాట్లాడారు. నా దగ్గర చదువుకున్నవాడే. అప్పుడూ ఆఖరి బెంచీలోనే ఉండేవాడు, దూరం అలవాటే.

ఏడో తొట్టిని పరీక్షించారట. శుభ్రంగా ఉందట. త్రినాథ్‌ని కూడా పరీక్షించారు, అతనూ శుభ్రమే. అంత తోముకున్న మనిషి ఇంకెలా ఉంటాడు. కాబట్టి అతను బయట ఉండిపోవచ్చు, పని చేసుకోవచ్చు, హాస్టల్లో మంచం ఇస్తారు. లోపల ఉన్నవాళ్ళకి మనిషి వాటా నీళ్ళే వస్తాయి, పనివాడి వాటా రాదు. బుట్ట ఆపరు, కిటికీలోంచి ఇస్తారు. పురుడు సంగతి, డాక్టరమ్మ తెర మీద కనిపించి చెబుతూ ఉంటుంది, చేతులు మాత్రం నావి.

నా చేతులు వణుకుతాయని పురుషోత్తానికి చెప్పలేదు. చారుకి ముందే తెలుసు.

త్రినాథ్ హాస్టల్‌కి వెళ్ళడమే మంచిదని నేనే చెప్పాను. నీళ్ళు కావాలి, పని కావాలి, బయట మనకంటూ ఒక మనిషి ఉండాలి అన్నాను. సరేనమ్మమ్మగారూ అని తన దిండూ దుప్పటీ తెచ్చుకోవడానికి తొట్టి దగ్గరికి వెళ్ళాడు. తలుపు బిగించేవాళ్ళు పనిముట్లు సర్దుకుంటుండగా వాళ్ళ మధ్యనుంచి తప్పుకుంటూ దిండుతో సహా లోపలికి వచ్చేశాడు. తలుపు మూసుకున్నాక గానీ మాకెవరికీ అర్థం కాలేదు.

"చేతులు తగ్గేదాకా సెలవు పెట్టాననుకోండి," అన్నాడు.

బుద్ధిలేని పని. ఇద్దరి వాటా నీళ్ళు ముగ్గురికి సర్దాలి. తిడదామని నోరు తెరిచాను. చారు అతని దిండు లాక్కుని ముఖం అందులో పెట్టుకుంది.

బయట బోల్టులు బిగిస్తున్న చప్పుడు చాలాసేపు వినిపించింది. ఎన్ని ఉన్నాయో నేను లెక్కపెట్టలేదు.

నమోదు 10

తలుపు బిగించాక మొదటి బుట్ట ఇవాళ వచ్చింది. కిటికీ అంటే పళ్ళెం పట్టేంత కంత. అందులోంచి మస్తానమ్మ చెయ్యి, చేతిలో చేమదుంప.

దుంప నున్నగా, బోడిగుండులా మెరుస్తోంది.

రెండోది తీసుకున్నాను. అదీ అంతే. మూడోది. ఒక్క రేణువు లేదు. చారు నా వెనక నిలబడి వాసన కోసం ముందుకి వంగి, మెల్లగా మంచం మీద కూచుండిపోయింది.

"మట్టేదే?" అన్నాను.

"ఏం మట్టమ్మా?"

"దుంపల మీద మట్టి ఏదీ? ఏం చేశావు?"

"తుడిచిన. గోనెపట్టతోని ఒక్కొక్కటి తుడిచిన. నువ్వే కదమ్మా శుభ్రం జేసి తెమ్మంటివి? బకెట్ల తక్కువొస్తున్నదంటే నా మీద లేచి కొట్లాడితివి? ఇగ తూకంల కూడా దుంపనే ఉన్నది, మట్టి లేదు. సంతోషమేనా?"

కాలేజీలో నన్ను ఎదురు ప్రశ్న వేసి గెలిచినవాళ్ళు లేరు. కంత పక్కన గోడకి ఆనుకుని నిలబడ్డాను. మళ్ళీ పంజరం ఎప్పుడని అడిగాను. పైన గాలిదుమారం లేస్తోంది, అది ఆగాక అంది. ఆగాక అంటే ఎప్పుడు అంటే, ఆగినంక, అంది.

చారు ముఖం గోడవైపు తిప్పుకుంది. త్రినాథ్ దాని పాదాలు పట్టుకుని కూచున్నాడు. అతనికి చేతులు మండుతున్నాయేమో, తీయలేదు.

కంతలోంచి మస్తానమ్మ ఖాళీ బుట్ట వెనక్కి లాక్కుంటోంది. ఈతబద్దలతో అల్లిన పాత బుట్ట. బద్దకీ బద్దకీ మధ్య, అడుగున, అంచుల్లో, ఎన్ని పంటలనుంచి పేరుకుపోయిందో గానీ, నల్లగా, తడిగా మట్టి ఉంది. రెండు చేతులతో బుట్ట పట్టేసుకున్నాను.

"ఇడువమ్మా, నా బుట్ట."

"అమ్ము."

"బుట్ట అమ్మేది కాదమ్మా. మా అత్త అల్లింది. బుట్టతోని నువ్వేం జేస్తవు?"

"తింటాం," అన్నాను.

ఆవిడ లాగడం ఆపింది. కంతలో ముఖం పెట్టి నా భుజం మీదుగా లోపలికి చూసింది. మంచం మీదున్న పిల్లనీ, దాని కడుపునీ చూసింది. ఎర్ర బకెట్లో ఎందుకు తక్కువొచ్చిందో అప్పుడు తెలిసినట్టుంది. బుట్ట వదిలేసింది.

వదిలేసి, మరి ఇగ దుంపలు దేంట్ల తేవాలె అని గొణిగి, నా పది రోజుల స్నానం నీళ్ళు బుట్ట ధరగా కట్టి పోయింది. తొమ్మిదికి దించాలని బేరమాడాను. వినలేదు.

త్రినాథ్ చేతికి పిన్ను ఇవ్వలేను, పట్టుకోలేడు. నేనే కిందకూచుని బద్దలు ఒక్కొక్కటీ విప్పి, హెయిర్‌పిన్నుతో గీకుతున్నాను. కడగలేదు. గ్లవ్సు వేసుకోలేదు. గీకినదంతా చారు చప్పరించే చిన్న గిన్నెలో వేస్తున్నాను. జాగ్రత్తగా వాడితే దుమారం ఆగేదాకా వస్తుందనుకుంటున్నాను. ఇందాక బిడ్డ కదిలిందంది. ఈసారి ఊరికే అనలేదు, నా చెయ్యి పెట్టించి చూపించింది.

సమితివారు అడిగిన ప్రశ్నకి జవాబు, మీరు కోరినట్టే క్లుప్తంగా: కొనదగినదే. బుట్టతో సహా.